డబ్ల్యూ అంటే ఆడవాళ్ళు

ఆ రోజుల్లో శామీర్‌పేట మొత్తంలో నన్ను మించి ఉరికే పిల్ల లేదని నాకు గట్టి నమ్మకం. అందులో తప్పేమీ లేదు, నిజంగానే లేదు. ఆ నమ్మకాన్ని ఆనుకుని ఇంకొకటి ఉండేది, తప్పంతా దానిది. ఉరికేవాళ్ళకు చదువు అక్కర్లేదనీ, చదువనేది బస్సు వెంట ఉరికి అందుకోలేనివాళ్ళ కోసం పెట్టిన ఏర్పాటనీ నా అభిప్రాయం. అందుకే పదో తరగతి సగం గడిచినా నా ఇంగ్లీషు పుస్తకం పెళ్ళికూతురిలా ఉండేది (లోపలి పేజీల్లో కొత్త కాగితం వాసన ఇంకా పోలేదు). నా అభిప్రాయానికి మా నాయిన పూర్తి మద్దతు. పొలం ప్లాట్లుగా మారాక ఆయన వచ్చినవాళ్ళకు ప్లాట్లు చూపించే పనిలో పడ్డాడు; పొద్దున నేను చెరువు కట్ట మీద ఉరుకుతుంటే బండి మీద వెనకే వచ్చి, ఎదురైనవాళ్ళందరికీ “మా బిడ్డ” అని చూపించడం రెండో పని.

మా ఇంగ్లీషు టీచర్‌ని మేము గ్రామర్ మేడం అనేవాళ్ళం. గుంటూరు వైపు మనిషి, కొత్త కాలనీలో ఉండేది. నాకు ఇంగ్లీషులో వచ్చిన పదకొండు మార్కులు చూపించడానికి ఒకసారి నాయినని బడికి పిలిపించింది. ఆయన ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని శ్రద్ధగా చూసి, “మా బిడ్డ పరీక్ష కాళ్ళతోటి రాస్తది మేడం” అన్నాడు. మేడం ఆ కాగితాన్ని తీసుకుని తిన్నగా తిప్పి బల్ల మీద పెట్టింది. తర్వాత నా వైపు తిరిగి, “కాళ్ళు ఎటు వెళ్ళాలో చెప్పడానికైనా తల కావాలి కదమ్మా” అంది. తండ్రీకూతుళ్ళం ఇంటికెళ్ళే దారంతా ఆవిడ మాటను అనుకరిస్తూ నవ్వుకున్నాం.

ఆ చలికాలంలో మా పీఈటీ సారు (ఎప్పుడూ నోట్లో విజిల్ ఉండేది కాబట్టి విజిల్ సార్) ఒక ఫారం తెచ్చి నా చేతిలో పెట్టాడు. సిటీలో ఎంపిక పోటీలు, మొదటి ముగ్గురికి క్రీడా హాస్టల్‌లో సీటు. ఫారం ఇంగ్లీషులో ఉందని, గ్రామర్ మేడం దగ్గర కూర్చుని నింపమని చెప్పాడు. నాకు రోషం వచ్చింది. పదకొండు మార్కులిచ్చినావిడ ముందు పెన్ను పట్టుకోవడమా? ఒక్కదాన్నే కూర్చుని నింపాను. నా పోటీ అయిదు వేల మీటర్లు. ఫారంలో అయిదు వేలు రెండు చోట్ల ఉంది, ఒకదాని పక్కన ఎం, ఒకదాని పక్కన డబ్ల్యూ. ఈ రెండు అక్షరాలూ నాకు కొట్టినపిండి, మేడ్చల్ బస్టాండులో మరుగుదొడ్ల తలుపుల మీద చూసినవే. ఎం అంటే మగవాళ్ళు, డబ్ల్యూ అంటే ఆడవాళ్ళు. డబ్ల్యూ పక్కన టిక్కు పెట్టాను. వంద, రెండొందలు, నాలుగొందల పక్కన అన్నిటికీ ఎం మాత్రమే ఉండటం గమనించి, ఆ పోటీల్లో పాపం ఆడపిల్లలను రానివ్వరు కాబోలని జాలి కూడా పడ్డాను. ఎం అంటే మీటర్లనీ, ఆ ఫారం మొత్తం బాలికలదేననీ నెత్తిమీద లావుపాటి అక్షరాలతో రాసి ఉందట. చదివితే కదా. ఇరవై ఫారాల మీద గబగబా సంతకాలు పెడుతున్న విజిల్ సార్ కూడా చూడలేదు.

పోటీ రోజున నాయిన బంతిపూల దండతో సహా వచ్చాడు. విజిల్ సార్ లాంగ్ జంప్ పిల్లలతో మైదానం అవతల ఉన్నాడు. మైకులో “ఫైవ్ థౌజండ్” అని వినబడగానే నేను వెళ్ళి వరుసలో నిలబడ్డాను. తెల్లటోపీ పెట్టుకున్న ఒక జడ్జి మా ముందుకు వచ్చి ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. ప్రతి వాక్యానికీ తల ఊపాను, అందరికంటే నేనే బాగా ఊపాను. అంతకుముందు అదే సంగతి రాసి ఇచ్చిన కాగితం నా దగ్గర లేకపోలేదు, అందులో పల్లీలు కట్టుకున్నాను.

తుపాకీ పేలింది. నేను ఉరికాను. ఒక మలుపు తిరిగి చూద్దును కదా, మిగతా పిల్లలంతా నడుములు అటూ ఇటూ తిప్పుకుంటూ, మోచేతులు ఆడించుకుంటూ నడిచి వస్తున్నారు. సిటీ పిల్లలు ఇంత బలహీనంగా ఉన్నారేమిటి, వీళ్ళకు తిండి పెట్టరా అనుకున్నాను. రెండో చుట్టుకల్లా వాళ్ళను వెనకనుంచి అందుకుని దాటేశాను. ట్రాకు పక్కన నిలబడ్డ మనుషులు గుండ్రటి పసుపు పలకలు ఎత్తి నాకే చూపిస్తున్నారు. నా ఉరుకుడు నచ్చి చేస్తున్న సైగ అనుకుని చెయ్యి ఊపాను. మూడో చుట్టులో తెల్లటోపీ జడ్జి ఎర్ర పలక పట్టుకుని ట్రాకు మీదకే వచ్చాడు. రికార్డు దగ్గర పడిందేమోనని ఇంకా వేగం పెంచాను. ఆయన నా వెంట ఉరికాడు. పాపం, పెద్దమనిషి, చేతిలో పలక, జేబులో పెన్నులు. నన్ను పట్టుకోవడం మా ఊళ్ళో కుక్కల వల్లే కాలేదు.

చివరకు ఆయనను ఆపినవాడు నాయిన. మధ్యలోకి వెళ్ళి చేతులు అడ్డం పెట్టి, “ఏంది సారూ, గెల్సుడు కండ్ల సూడలేక పిల్ల ఎంబడి పడ్తున్నవా?” అని నిలదీశాడు. జడ్జి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకుని, ఇది నడక పోటీ అని తెలుగులో చెప్పాడు. డబ్ల్యూ అంటే వాక్ అట. ఉరికితే బయటికి పంపేస్తారట. అసలు అయిదు వేల పరుగు పొద్దున్నే అయిపోయిందట.

అప్పటికి నేను ఇంకో చుట్టు పూర్తి చేసి అక్కడికి వచ్చాను. నాయిన ముఖం చూశాక ఆగాను. ఆయన దండను ఏం చేయాలో తెలియక రెండు చేతుల్లో అలాగే పట్టుకుని నిలబడ్డాడు. అంతవరకూ నాకు ఏడుపు రాలేదు.

తిరుగు బస్సులో అల్వాల్ దాటేదాకా నాయిన ఆ దండను ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికే చూశాడు. తర్వాత ఆయనే మెల్లగా, “నాకు సూపెట్టినా నేను గూడ ఆడోళ్ళనే అంటుంటి బిడ్డా” అన్నాడు. మళ్ళీ తనే, “గా మేడం ఇల్లు యాడనో తెల్సా?” అని అడిగాడు.

మర్నాడు సాయంత్రం ఇద్దరం గ్రామర్ మేడం గుమ్మంలో నిలబడ్డాం. జరిగింది చెబుతుంటే ఆవిడ పెదవులు బిగించి విన్నది. జడ్జి నా వెంట ఉరికిన దగ్గరికి వచ్చేసరికి ఇక నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళి, చాలాసేపటికి మూడు టీలతో, ఎర్రబడ్డ కళ్ళతో వచ్చింది. “పరుగు మానొద్దు. రోజుకు గంట నాకివ్వు, చాలు” అంది. ఆ గంట వరండాలో నాయిన కూడా కూర్చునేవాడు, నాకు తోడని చెప్పి. నెల తిరిగేసరికి ప్లాట్ల కాగితం మీద ‘కార్నర్ బిట్’ అని కూడబలుక్కుని చదివి, చదివానని ఇంటిల్లిపాదికీ చెప్పాడు.

మరుసటి ఏడు ఫారం మూడుసార్లు చదివి నింపాను. రెండో స్థానం వచ్చింది, హాస్టల్ సీటు దొరికింది. నాలుగేళ్ళు బాగా ఉరికాను. తర్వాత ఒక ఉదయం మోకాలిలో ఏదో టక్కుమంది. ఇక పోటీలు వద్దని డాక్టరు చెప్పిన వారానికే నా డిగ్రీ ఆఖరి పరీక్షలు. నొప్పికి కాలు బల్ల కింద చాపి రాశాను. నాతో ఉరికినవాళ్ళలో నాకంటే వేగమైనవాళ్ళు ఇద్దరున్నారు. చదువు మధ్యలో వదిలేసినందుకు కాళ్ళు ఆగిన రోజున ఏం చేయాలో వాళ్ళకు తోచలేదు. నాకు చేతిలో ఇంకొకటి ఉంది, అంతే తేడా.

ఇప్పుడు బౌరంపేట్‌లో ఒక బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతున్నాను. బడి మాన్పించి పూర్తిగా అకాడమీలో వేస్తామని వచ్చే తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఈ కథ చెబుతాను. నవ్వుతారు, ఆలోచించుకుంటామని వెళతారు. కొందరు నిజంగానే ఆలోచిస్తారు. వాళ్ళు వెళ్ళాక ఒక్కోసారి ఆ పదిహేనేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. వెనక ఎవరూ లేని ట్రాకు మీద, ఏమీ తెలియకుండా, ప్రపంచమంతా తనను చూసి మురిసిపోతోందనుకుంటూ ఉరుకుతున్న పిల్ల. నవ్వొస్తుంది. నిజం చెప్పాలంటే ఆ పిల్ల మీద కాస్త కుళ్ళుగా కూడా ఉంటుంది. ఆ తర్వాత గెలిచిన ఏ పోటీలోనూ నేనంత హాయిగా ఉరకలేదు.