కుర్చీ కాదు, కర్ర

ఆ ఇంట్లో కస్టమ్స్ కాగితాలంటే పెద్దకోడలే. అత్తగారి దుకాణంలో ముసలివాళ్ళకూ, కాలుచెయ్యి సరిగా ఆడనివాళ్ళకూ కావలసిన సామాన్లు అమ్ముతారు. చక్రాల కుర్చీలు, చేతికర్రలు, మెత్తటి పరుపులు, అన్నీ ఓడ మీద వచ్చేవే. వచ్చిన ప్రతి వస్తువునూ సుంకాల పుస్తకంలో ఏ పద్దు కింద రాయాలో ఆమే తేల్చేది. పద్దు మారితే సుంకం మారుతుంది. తక్కువ పడాల్సినచోట ఎక్కువ కట్టేస్తే, అయ్యో పాపమని వెనక్కి పిలిచి ఇచ్చేవాళ్ళు ఉండరు. ఇన్నేళ్ళుగా ఆమె ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తూనే ఉంది. అయినా అత్తగారు ఒక్కనాడూ మెచ్చుకున్న పాపాన పోలేదు.

మరిది పెళ్ళయి చిన్నకోడలు వచ్చింది. కొత్త ఒక వింత, పాత ఒక రోత. చిన్నది బిల్లు రాస్తే అత్తగారికి ముద్దు, అద్దాల బీరువా తుడిస్తే ముద్దు. ఒకరోజు బీరువా తాళంచెవి లోపలే పెట్టి తాళం వేసేస్తే కూడా ఆవిడ పకపకా నవ్వింది. అదే పని పెద్దది చేసుంటే వారంపాటు సాధింపులే. ఆ నవ్వు విన్నప్పుడల్లా పెద్దకోడలికి కడుపులో నిప్పు రాజుకునేది.

ఇలా ఉండగా కొత్తరకం సరుకు ఒకటి దిగింది. చూడ్డానికి చేతికర్ర. పిడిని రెండు పక్కలకీ విప్పితే చిన్న పీటలా పరుచుకుంటుంది. నడిచి అలిసినవాళ్ళు దాని మీద కాసేపు కూలబడొచ్చు. పనుల హడావిడిలో పెద్దకోడలు దాన్ని కుర్చీల కింద రాసేసి సుంకం కట్టేసింది. సరుకు దుకాణానికి చేరాక చిన్నకోడలు ఒక కర్ర తీసి, ఊతంగా పట్టుకుని అటూ ఇటూ నడిచింది.

"అక్కా, ఇది కర్రే కదా? కర్రలకి సుంకం తక్కువని మొన్న నువ్వే అన్నావుగా?"

ఆ మాట గల్లాపెట్టె దగ్గరున్న అత్తగారి చెవిన పడింది. "దీని కళ్ళు ఎంత చురుకో చూశావా? ఇంతకాలం ఇలా ఎంత డబ్బు పోయిందో ఏమో."

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. ఇక్కడ తోడికోడలు నవ్వనైనా లేదు, పాపం నాలిక కరుచుకుంది. పెద్దకోడలికి అదే ఇంకా మండింది.

"కూర్చునేదేదైనా కుర్చీయే. నీకు తెలీదులే" అంది.

సాయంత్రం ఎవరూ లేనప్పుడు పుస్తకం తిరగేసింది. చేతికర్రల పద్దులోనే 'కూర్చునే కర్రలు' అని పేరు పెట్టి మరీ అచ్చేసి ఉంది. చూసి, పుస్తకం మూసేసి, నోరు కూడా మూసుకుంది.

ఆ కర్రలు బాగా అమ్ముడుపోయి మళ్ళీ తెప్పించినప్పుడు అత్తగారు, "ఈసారి కాగితాలు చిన్నది రాస్తుంది" అని తేల్చేసింది. చిన్నది కర్రల కిందే రాసింది. పెద్దకోడలు గోడౌన్ వెనక్కి వెళ్ళి, తనకు ఏళ్ళుగా తెలిసిన కస్టమ్స్ ఆఫీసరుకు ఫోన్ చేసింది.

"మా చిన్నది కొత్తది సార్. ఒకసారి జాగ్రత్తగా చూడండి."

అంతే అంది. ఆపాటి చాలు. సరుకు ఆగిపోయింది, సంజాయిషీ చెప్పమని పిలుపొచ్చింది. అత్తగారు ఇద్దరినీ పంపింది.

ఆఫీసరు పెద్దకోడల్ని చూసి, "రండమ్మా, కూర్చోండి" అన్నాడు. చిన్నదాని వైపు తిరిగి, కర్ర విప్పి చూపిస్తూ, "మీ ఇంట్లో కర్రల మీదే కూర్చుంటారా? పోనీ, కుర్చీలు చేత్తో పట్టుకుని నడుస్తారా?" అని నవ్వాడు. పక్క బల్లల దగ్గరివాళ్ళూ నవ్వారు.

చిన్నకోడలి మొహం కందిపోయింది. "తప్పు నాదే సార్. అక్క ముందే కుర్చీ అని చెప్పింది."

తను కోరుకున్నది అక్షరాలా జరుగుతోంది. కానీ ఆ నవ్వులు పెద్దకోడలికి తన చెంప మీదే పడ్డట్టున్నాయి. మా ఇంటి పిల్లని నేను అంటే అంటాను, నవ్వడానికి వీళ్ళెవరు? లేచి కర్ర అందుకుంది. పీట విప్పి నేల మీద నిలబెట్టి వదిలింది. కర్ర ధడాలున పడింది.

"చెయ్యి వదిలితే పడిపోయేది కుర్చీ ఎలా అవుతుంది సార్? పైగా కర్రల పద్దులోనే దీని పేరుంది. చూడండి."

ఆఫీసరు పుస్తకం తీసి చదివాడు. నవ్వు ఆగింది. "నిజమే. మరి జాగ్రత్తగా చూడమని ఫోన్ చేసింది మీరే కదమ్మా?" అని మామూలుగా అడిగి, సంతకం పెట్టేశాడు.

తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

"ఆ ఫోన్ ఎందుకు చేశావక్కా?" అంది చిన్నది.

"అత్తయ్య నిన్ను చూసి నవ్వుతుంది. నన్ను చూసి ఎప్పుడూ నవ్వలేదు."

చిన్నది కిటికీలోంచి చూస్తూ, "ఆయన నిన్ను కూర్చోమన్నాడు. నన్ను అనలేదు. అప్పుడు నాకూ నీ మీద ఒళ్ళు మండింది" అంది.

ఇంటికెళ్ళాక చిన్నది ఫోన్ సంగతి పొక్కనివ్వలేదు. అంతా అక్కే గెలిపించిందని చెప్పింది. "అలా చెప్పడం నీ మంచితనం" అని అత్తగారు దాని బుగ్గ గిల్లింది. పెద్దకోడలికి మళ్ళీ భగ్గుమంది.

మొదటిసారి ఎక్కువ కట్టిన సుంకం వెనక్కి రావాలంటే, పద్దు తప్పుగా రాశామని ఒప్పుకుంటూ అర్జీ పెట్టాలి. పెద్దకోడలే రాసింది, పొరపాటు తనదేనని అత్తగారి ముందు ఒప్పుకుంది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, "బాగా రాశావు" అంది.

పెద్దకోడలు ముందు చిన్నదాని వైపు చూసింది, విన్నదా లేదా అని. విన్నది. మూతి ముడుచుకుని బీరువా తుడుస్తోంది. ఆ పూట పెద్దకోడలు కడుపునిండా అన్నం తింది.