ఎటు పైన, ఎటు కింద

డిపార్టుమెంటులో అందరూ ఆమెను చాటుగా బండమ్మ అనేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. "బండలతోనే కదా నా బతుకంతా, అంతకన్నా మంచి పేరెవరు పెడతారు?" అని నవ్వేసేది. ఆమె చదివింది భూగర్భశాస్త్రం. అందులోనూ సముద్రం అడుగున ఎవరి కంటా పడకుండా, కోట్ల ఏళ్ల కిందట చల్లారిపోయిన లావా రాళ్లంటే ఆమెకు ప్రాణం.

ఆమెను పట్టి పీడించిన ప్రశ్న ఒక్కటే. భూమి పైపెంకు పెద్ద పెద్ద పలకలుగా విడిపోయి ఉంటుంది. కొన్నిచోట్ల ఒక పలక పక్కదాని కిందికి దూరి లోపలికి దిగిపోతూ ఉంటుంది. అసలు ఆ దిగడం మొదలయ్యేది ఎలా? పాతబడి బరువెక్కిన పలక తనంతట తానే కుంగుతుందా, లేక వెనకనుంచి ఏదో నెడితే పోతుందా? శాస్త్రవేత్తల మధ్య ఇది ఎన్నాళ్లుగానో తెగని పేచీ. చూసినవాళ్లు లేరు. సాక్ష్యం చెప్పాల్సింది అప్పుడు పైకి ఉబికిన లావాలే.

పలక తానే కుంగితే, దాని పక్కనున్న నేల సాగి, ముందు మామూలు పొడి లావా వస్తుంది. మునిగిన పలక మోసుకుపోయిన సముద్రపు నీరు లోపల ఊరాకే, ఆ నీటి జాడ ఉన్న లావా వచ్చి దానిమీద పరుచుకుంటుంది. అంటే కింద పొడిది, పైన తడిది. బండమ్మ వయసులో ఉన్నప్పుడు ఓడెక్కి వెళ్లి, సముద్రపు అడుగును తొలిచి తీసిన రాతి కడ్డీల్లో సరిగ్గా ఆ వరసే చూసింది. 'పలక తానే కుంగింది' అని రాసింది. ఆమెకు పేరు తెచ్చింది ఆ మాటే.

ఆ ప్రయాణంలోనే కొంచెం అవతల తొలిచిన రెండో గొయ్యి ఒకటుంది. అందులోంచి వచ్చిన రాళ్లు ముక్కలు ముక్కలుగా ఉంటే, పెట్టెలో సర్ది పక్కన పడేశారు. ఇన్నేళ్ల తర్వాత బండమ్మ దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి, సిద్ధాంతగ్రంథం కోసం ఆ పెట్టె తెప్పించుకుని పరీక్షలు చేయించింది. ఒక ఉదయం ఫలితాలు పట్టుకుని గదిలోకి వచ్చింది.

"మేడమ్, ఇందులో తడి లావా కింద ఉంది. పొడిది పైన ఉంది."

బండమ్మ కాగితాలు అందుకుని ఆ వరస చూసింది. నీటి లావా ముందే వచ్చిందంటే, నేల సాగకముందే పలక కొంత లోపలికి చేరి ఉండాలి. అంటే ఏదో దాన్ని నెట్టి ఉండాలి. అంటే తను ఇన్నేళ్లుగా పాఠం చెప్పింది తప్పు.

"పెట్టె తలకిందులై ఉంటుందేమో" అంది.

"బాణం గుర్తులు మీరే వేశారు కదా మేడమ్?"

అవును, తనే వేసింది. ఆ రోజు ఓడ ఊగిపోతోంది, ఆమె వాంతులతో నిలబడలేక నిలబడి, రాతిముక్కల మీద పైవైపు చూపే బాణాలు గీసింది. సరిగ్గా గీసిందా లేదా అన్నది ఎంత తలబాదుకున్నా గుర్తు రావడం లేదు. బాణాలు తప్పయితే, ఇన్నేళ్లుగా అందరూ మెచ్చుకున్న ఆమె జాగ్రత్త ఏపాటిదో తేలిపోతుంది. బాణాలు సరైనవైతే సిద్ధాంతం కూలిపోతుంది.

తేల్చుకునే మార్గం ఉంది. అది ఆమెకు మొదటి నిమిషంలోనే తట్టింది. చల్లారిన లావాలోని గాలిబుడగల్లో సముద్రపు బురద చేరుతుంది. కుండలో తేటనీటి అడుగున మడ్డి కూర్చున్నట్టు, ప్రతి బుడగలోనూ కిందివైపే కూర్చుంటుంది. పైన మిగిలిన ఖాళీలో తర్వాతెప్పుడో తెల్లటి స్ఫటికం నిండుతుంది. రాయి కోసి చూస్తే ఏది పైనో రాయే చెబుతుంది. కానీ ఆమె కోయలేదు. రంపం బ్లేడు అరిగిందంది. జవాబుపత్రాలు దిద్దాలంది. పెట్టెను బల్లకిందికి కాలితో నెట్టింది.

ఇంట్లో ముద్ద దిగడం లేదు. "ఏమ్మా, నీకు ఒంట్లో బాగోలేదా, నా వంటే బాగోలేదా?" అని తల్లి అడిగింది.

"ఏంలేదమ్మా, పని ఎక్కువైంది."

"పని ఎక్కువైతే ఆకలి ఎక్కువవ్వాలి గానీ, ఇదేం విడ్డూరం!"

భర్తకు కళ్లజోళ్ల దుకాణం ఉంది. ఎంత బరువు సంగతినైనా తేలిక చేయడం ఆయనకు అలవాటు. "నేల ఎందుకు మునిగిందో ఇవాళ కాకపోతే రేపు చెబుదువుగానీ, మన వంటింటి తూము ఎందుకు మునిగిందో ముందు చెప్పు" అన్నాడు. ఆమె నవ్వలేదు. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"ఏమైంది?"

చెప్పింది. ఆయన చివరిదాకా విన్నాడు.

"ఓడలో పెట్టె తలకిందులైందంటే కాదనేవాళ్లున్నారా?"

"ఎవరూ అనరండీ. అందుకే భయం. అనేసి ఊరుకుంటానేమోనని."

ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

వారం గడవకముందే శిష్యురాలు మళ్లీ గుమ్మంలో నిలబడింది. గ్రంథం ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది. ఆ పిల్లా సరిగ్గా నిద్రపోతున్నట్టు లేదు.

"మేడమ్, పోనీ ఆ పెట్టె సంగతి వదిలేసి మిగతాది రాసేయమంటారా? మీకు ఇబ్బంది అవుతుందంటే..."

బండమ్మకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. తన భయం ఈ పిల్లకు అబద్ధం నేర్పుతోంది. లేచి, జుట్టు ముడి బిగించుకుని, పెట్టె బయటికి లాగింది.

"పద, కోద్దాం."

రాళ్లు కోసే గదిలో రంపం కీచుమంటూ తిరిగింది. బ్లేడు మీద పోసే నీళ్లు బూడిదరంగు బురదై ఇద్దరి చేతితొడుగుల మీదా చిందాయి. పలుచని బిళ్లలు కోశారు, గరుకుపొడితో అరగదీశారు, కడిగారు. ఒక్కోదాన్నీ కిటికీ దగ్గర బాణం పైకి ఉండేలా వరసగా పెట్టారు. బండమ్మ భూతద్దం కంటికి ఆనించుకుంది. మోచేయి కిటికీ గట్టుకు ఆన్చి చూసింది.

మొదటి బుడగలో కింద బూడిదరంగు, పైన తెలుపు. మధ్యలో గీత గీసినట్టు చదునుగా ఉంది. రెండోదీ అంతే. మూడో బిళ్లలోనూ అంతే. ఆ వాంతుల మధ్య కూడా ఆమె చెయ్యి తప్పలేదు. ఆ సంతోషం ఊపిరి తీసుకునేంతసేపు కూడా నిలవలేదు. భూతద్దం గట్టు మీద పెట్టి స్టూలు మీద కూర్చుంది.

"బాణాలు సరైనవే" అంది. "తప్పింది నేను. రాసెయ్యి, ఉన్నదున్నట్టు."

శిష్యురాలు తలూపి, ఒక్కసారిగా ఏడ్చేసింది.

ఆ తర్వాతి సదస్సులో బండమ్మ వేదికెక్కింది. ముందు వరసలో ఆమెకు చదువు చెప్పిన గురువుగారు కూర్చుని ఉన్నారు. ఆమె సిద్ధాంతాన్ని ఊరూరా మోసినాయన. బండమ్మ మంచినీళ్లు తాగి, బుడగల బొమ్మ తెరమీద వేసి, తన పాత మాట అక్కడ నిలవదని చెప్పింది. ఈ పని చేసింది తన విద్యార్థిని అని కూడా చెప్పింది.

గురువుగారు లేచారు. "అయితే ఇన్నేళ్లూ మనం చెప్పిందంతా?"

"మొదటి గోతిలో చూసింది నిజమే సార్. దాన్నిబట్టి అంతటా అలాగే జరిగిందన్నది తప్పు. ముందు ఏదో నెట్టి ఉండాలి, తర్వాత బరువుకు కుంగి ఉండాలి. ఏది నెట్టిందో నాకింకా తెలీదు."

ఆయన "చూడాలి" అని మాత్రం అని కూర్చున్నారు. బయట టీ తాగేటప్పుడు ఆమె వైపు రాలేదు.

కొత్త ఓడ ప్రయాణానికి ఆమె పెట్టుకున్న ప్రతిపాదన ఆ ఏడు తిరిగొచ్చింది. 'ముందు సిద్ధాంతం స్థిరపడాలి' అన్నారు నిధులిచ్చేవాళ్లు. శిష్యురాలికి డాక్టరేటు వచ్చింది, దూరంగా ఒక ప్రయోగశాలలో ఉద్యోగమూ దొరికింది. మరుసటి వేసవిలో గురువుగారు ఫోను చేశారు. క్షేమసమాచారాలేవీ అడగలేదు. తన అలమారలోనూ పాత రాళ్ల పెట్టెలు కొన్ని ఉన్నాయనీ, ఒంటరిగా కోయడానికి ధైర్యం చాలడం లేదనీ అన్నారు.

"రేపు వస్తాను సార్" అంది బండమ్మ. ఫోను పెట్టేసి, భూతద్దం తీసి సంచిలో వేసుకుంది.