నోటికి నీళ్లు వద్దు

1999 జూన్‌లో మా పదాతి దళం ద్రాస్ కొండల్లోకి యుద్ధానికి కదిలినప్పుడు, దాని రెజిమెంటల్ మెడికల్ ఆఫీసర్‌గా నేనూ వెంట వెళ్లాను. నా హోదా కెప్టెన్. మాది జనగామ. ఎంబీబీఎస్ అయ్యాక ఐదేళ్ల ఒప్పందం మీద సైన్యంలో చేరాను. దాన్ని షార్ట్ సర్వీస్ అంటారు. దళంలో ఎనిమిది వందల మందికి డాక్టర్ ఒక్కడే. జ్వరం వచ్చినా, కాలికి బొబ్బ లేచినా, గుండు తగిలినా ఆ ఒక్కడి దగ్గరికే రావాలి.

ఇప్పుడు జనగామలో ఆగస్టు పదిహేను వస్తే ఏదో ఒక బడివాళ్లు పిలిచి యుద్ధం సంగతులు చెప్పమంటారు. నేను ఒక్క తూటా పేల్చలేదు. రక్తంలో తడిసిన బట్టలు కత్తిరించాను, కట్లు కట్టాను, సెలైన్ ఎక్కించాను. ఆ మాట చెబితే పిల్లల ముఖాలు చిన్నబోతాయి, హెడ్మాస్టరు గడియారం చూసుకుంటాడు. విసుగొచ్చి ఈ మధ్య వెళ్లడం మానేశాను. వాళ్లకు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

దాడి చేసే కంపెనీలకు కాస్త వెనుక, బండరాళ్ల చాటున మా ఎయిడ్ పోస్ట్ ఉండేది. ఒక గుడారం, నలుగురు నర్సింగ్ అసిస్టెంట్లు, స్ట్రెచర్ మోసే జవాన్లు. అక్కడ ఆపరేషన్లు చేయరు. రక్తం ఆపి, నొప్పి తగ్గించి, మనిషిని కింద సర్జన్లు ఉండే కేంద్రం దాకా బతికి చేరేలా చూడడమే మా పని. జూన్‌లోనూ గడ్డకట్టే చలి. సెలైన్ సీసాలు గట్టిపడకుండా మావాళ్లు కోట్ల లోపల, ఒంటికి ఆనించుకుని ఉంచేవారు.

దళంలో మా వైపువాడు ఒక్కడే ఉండేవాడు. లాన్స్ నాయక్ భీమ్లా. కొత్తగూడ అడవుల్లో ఒక తండా అతనిది. నలుగురిలో నన్ను ‘సాబ్’ అనేవాడు, ఇద్దరమే ఉంటే ‘అన్నా’ అనేవాడు. మేం మాట్లాడుకుంటుంటే కోస్తా నుంచి వచ్చిన ఒక హవల్దార్ సినిమాలో జోకర్‌ని విన్నట్టు నవ్వేవాడు. భీమ్లా పట్టించుకునేవాడు కాదు. ‘నవ్వనియ్యే అన్నా, గాయన పైసలిచ్చి టికెట్ కొన్నడా ఏంది’ అనేవాడు. అక్కడ నా భాషలో నవ్వించిన మనిషి అతనొక్కడే.

ఒక తెల్లవారుజామున జరిగిన దాడిలో ఫిరంగి గుండు ముక్క అతని పొట్టలో దిగింది. సూర్యుడు బాగా పైకొచ్చాక స్ట్రెచర్ మీద తెచ్చారు. స్పృహ ఉంది. పొట్ట చెక్కలా గట్టిపడింది. పేగు తెగిందని చేతికే తెలుస్తోంది. కట్టు కట్టి, మార్ఫిన్ ఇచ్చి, సెలైన్ పెట్టాం. ఇలాంటి గాయానికి మొదటి నియమం, నోటి ద్వారా ఏదీ ఇవ్వకూడదు. తాగిన నీళ్లు తెగిన పేగులోంచి కడుపులోకి కారి విషమవుతాయి. మత్తు ఇచ్చినప్పుడు వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వెంటనే ఆపరేషన్ చేస్తే బతికే అవకాశం ఉంది. మొదట పంపాల్సినవాళ్ల వరుసలో అతన్ని ముందుంచాను. కానీ మబ్బు కమ్మేసి హెలికాప్టర్ రాలేదు.

రక్తం పోయినవాడికి దాహం మామూలుగా ఉండదు.

‘అన్నా, జర నీళ్లియ్యే.’

ఇవ్వకూడదని చెప్పాను. కారణమూ చెప్పాను. తలూపాడు. కాసేపటికి మళ్లీ అడిగాడు. తడి గుడ్డతో పెదాలు అద్దితే ఆ గుడ్డను పళ్లతో పట్టుకున్నాడు. వదిలించడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది.

‘ఎప్పుడన్న నిన్నేమన్న అడిగిన్నా అన్నా? గుక్కెడు నీళ్లే గదనే.’

‘ఆపరేషన్ కానీయ్ రా. అయినంక నా చేత్తోని తాగిపిస్త.’

‘ఒట్టేనా?’

‘ఒట్టు.’

తర్వాత నన్ను అడగడం మానేశాడు. కళ్లు మూసుకుని ‘యాడీ, యాడీ’ అన్నాడు. లంబాడీ భాషలో అమ్మ అని. ఆ గుడారంలో అది నాకొక్కడికే అర్థమైంది. నా నడుముకే నీళ్ల సీసా వేలాడుతోంది. దాన్ని తీసి, అతనికి కనబడకుండా గుడారం బయట పెట్టి వచ్చాను.

మధ్యాహ్నం మబ్బు విడిపోయింది. హెలికాప్టర్ ఎక్కించే ముందు ఏ గాయం, ఏ మందు ఇచ్చాం అన్నది రాసి చీటీని అతని మెడకు కట్టాను. కింద పెద్ద అక్షరాలతో ‘నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు’ అని రాసి గీత గీశాను. బతుకుతాడనే నమ్మాను.

బతకలేదు. కింద కేంద్రంలో టేబుళ్లన్నీ నిండి ఉన్నాయట. వంతు వచ్చేలోపు చేయి దాటిపోయిందని సర్జన్ తేల్చి, పక్క స్ట్రెచర్ వైపు వెళ్లాడు. భీమ్లా ఆ తర్వాత కూడా చాలాసేపు బతికే ఉన్నాడు, నీళ్లు అడుగుతూనే ఉన్నాడు. మాకు మందులు తెచ్చిన అక్కడి నర్సింగ్ అసిస్టెంట్ ఈ సంగతి చెప్పాడు. ఆపరేషనే లేదని తేలాక నీళ్లు ఎందుకివ్వలేదని గట్టిగా అడిగాను. అతను బిత్తరపోయాడు. వద్దని చీటీ మీద మీరే రాశారు కదా సాబ్, అన్నాడు. అతని మీద కోపగించడానికి ఏమీ లేదు.

మరుసటి ఏడాది సెలవులో మహబూబాబాద్‌లో దిగి, కొత్తగూడ బస్సెక్కి వాళ్ల తండాకు వెళ్లాను. తండ్రి ఎప్పుడో పోయాడు. తల్లి సోమ్లి ఒక్కతే ఉంది. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లు చేతికిచ్చి, ఎదురుగా నేల మీద కూర్చుంది. గుండు ఎక్కడ తగిలింది, ఎవరు కాల్చారు, ఏదీ అడగలేదు.

‘ఆఖర్ల నా కొడుకు నోట్లె నీళ్లు పోసిన్రా సారు?’

పోశామని చెబితే సరిపోయేది. తోవ పొడుగునా ఆ మాటే సిద్ధం చేసుకున్నాను కూడా. ఆమె ముఖం చూశాక నోరు రాలేదు. పోయలేదన్నాను. ఎందుకు పోయలేదో నాకు చేతనైన తేలిక మాటల్లో చెప్పాను. పేగు సంగతి, ఆపరేషన్ సంగతి, ఇక బతకడని సర్జన్ తేల్చిన సంగతి అన్నీ వింది.

‘అడిగిండా?’

‘అడిగిండు.’

‘నీ సదువు నాకెర్కలేదు సారు. బతుకుతడని ఇయ్యలేదంటివి, మంచిగనే ఉన్నది. బతకడని తెలిసినంక గూడ ఇయ్యకపోతిరి. గదెందుకు?’

ఏడుపొచ్చింది. ఆమె ఏడవలేదు. నా చేతిలో చెంబు నిండుగా అలాగే ఉండడం చూసింది.

‘తాగు సారు. ఎండల వడి వచ్చినవ్’ అంది.

తాగాను.

సైన్యం నుంచి వచ్చాక కొన్నేళ్లు భూపాలపల్లిలో, తర్వాత జనగామలో ప్రాక్టీసు చేసి, చేతులు వణకడం మొదలయ్యాక క్లినిక్ మూసేశాను. పొట్ట గాయాలు, పేగు చిల్లులు చాలా చూశాను. ఒక్కరికీ నీళ్లు ఇవ్వనివ్వలేదు. ఈ రోజు భీమ్లా మళ్లీ వచ్చినా ఇవ్వను. నియమం సరైనదే. అయితే వరంగల్ పెద్దాసుపత్రికి పంపే ప్రతి చీటీ మీద ఆ వాక్యం కింద ఇంకో వాక్యం రాసేవాడిని: ‘ఆపరేషన్ లేదని తేలితే ఈ ఆంక్ష రద్దు. అడిగినన్ని నీళ్లు ఇవ్వండి.’ చదివిన కుర్ర డాక్టర్లు ఫోన్ చేసి, ఇది మాకు తెలియదా సార్ అని నవ్వేవారు. తెలిసే ఉంటుంది. ఆ రోజు కింద కేంద్రంలోనూ అందరికీ తెలుసు.