అప్పుకు ఒద్దిక

గోడకు కొత్తగా వేసిన రంగు వాసన తగిలితే నాకు ఆకలి వేస్తుంది. కారణం తర్వాత చెబుతాను గానీ, పోయిన నెల తిరుపతి శివార్లలో ఇంకా జనం చేరని ఒక అపార్టుమెంటులో, చూపించడానికని ముస్తాబు చేసిపెట్టిన ఫ్లాటులో నిలబడి ఉండగా ఆ వాసనే కడుపులోకి దిగింది. ఎదురుగా బ్యాంకు నుంచి వచ్చిన ఒకమ్మాయి మా ఇద్దరి జీతాలనూ కూడి, ఫోనులో ఏవో మీటలు నొక్కి, “మీకు ఇంత వరకు లోను వస్తుంది మేడమ్” అని అంకె చూపించింది. నేను బళ్లో లెక్కలు చెప్పే టీచరమ్మను. అయినా ఆ అంకెలో సున్నాలను వేలు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది. మూడు పడగ్గదులు, ఇరవై ఏళ్ల వాయిదాలు. నెలనెలా కట్టవలసింది మా రెండు జీతాల్లో సగాన్ని దాటి, మిగిలిన సగం వైపు కూడా ఆశగా చూస్తోంది.

మా ఆయనది సత్యవేడు, ఉద్యోగం శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో. ఇంటికొచ్చే దారిలో ఆయనే మొదలుపెట్టాడు.

“తీసేసుకుందాం వాణీ. నేను లెక్కేసి సూసినాను. సరిపోతాది.”

“ఎట్ల సరిపోతాది?”

“సరిపోతాదిలే.”

అదే మాట, అదే నిబ్బరంతో, నా తొమ్మిదో ఏట చిత్తూరులో మా ఇంట్లో మూడు గొంతుల్లో విని ఉన్నాను.

అప్పట్లో మేముండింది ఒకే కప్పు కింద వరసగా ఆరు పోర్షన్లున్న ఇంట్లో. ఒక గది, ఒక వంటిల్లు, ఆరిళ్లకూ కలిపి ఒక కొళాయి. పొద్దున్నే బిందెల మోత, ఎవరింట్లో తిరగమాత వేసినా ఆరిళ్లలోనూ తుమ్ములు, ఎవరికి జ్వరమొచ్చినా ఆరిళ్ల నుంచీ మిరియాల చారు. మా నాయన బెల్లం మండీలో కాటా దగ్గర గుమస్తా. బండ్ల మీద వచ్చిన బెల్లం తూచి, చిట్టాలో బరువు రాయడం ఆయన పని. చెరుకాడే చలికాలం వస్తే సాయంత్రం మండీ నుంచి మనిషికంటే ముందు వాసన ఇల్లు చేరేది. విడిచిన చొక్కా దండెం మీద వేస్తే చాలు, చీమలు బారు కట్టేవి. మా ఇంటికి పిలవకపోయినా తప్పకుండా వచ్చే చుట్టాలు అవే. ఆ చొక్కా జేబులో చెక్కిన బెల్లం పెచ్చు ఒకటి నాకోసం ఉండేది. దాన్ని వేయించిన చెనిక్కాయలతో కలిపి, అరుగు మీద కాళ్లూపుకుంటూ, ఎంత నెమ్మదిగా తింటే అంత ఎక్కువసేపు ఉంటుందన్న నమ్మకంతో తినేదాన్ని.

ఊరి చివర మా నాయనకు చిన్న జాగా ఒకటి ఉండేది. ఒక ఉగాది ముందర, ఇళ్లు కట్టుకునే వాళ్లకు అప్పులిచ్చే సొసైటీ వాళ్లు నాలుగు గదుల ఇంటికి సరిపడా ఇస్తామన్నారు. పదిహేనేళ్లు కట్టాలి. నెలకట్టు ఆయన జీతంలో సగానికి పైన. మా అమ్మ ఆ పూటే సుద్దముక్క తీసుకొని నేల మీద నాలుగు గదులు గీసేసింది. వంటింట్లో పొయ్యి తూర్పుకు, నేను చదువుకునే చోటు కిటికీ పక్కన. ఆ గీతల మధ్యనే మేం వారం రోజులు తలుపులు తీసుకుంటూ, వేసుకుంటూ తిరిగాము. మా నాయన మాత్రం ఆ గీతలు తొక్కకుండా చుట్టూ తిరిగి వచ్చేవాడు.

“వాళ్లిస్తామన్నంత మాత్రాన మనం మోయగలమా?” అన్నాడు ఆయన. “కాటా మీద పెట్టకుండా బరువెంతో యాడ తెలుస్తాది?”

వయసులో ఉండగా ఆయన వీధినాటకాల్లో ధర్మరాజు వేషం కట్టేవాడు. ఏటేటా జూదంలో ఓడిపోయి ఓడిపోయి, రంగు కడుక్కున్నాక కూడా అప్పంటే భయం ఒంటిని వదల్లేదని మా అమ్మ అనేది. నాటకానికి ముందు చేసే సాధనను వాళ్లు ఒద్దిక అనేవారు. అప్పుకు కూడా ఒద్దిక ఉండాలన్నది ఆయన తీర్మానం. అంటే, అప్పు తీసుకోకుండానే ఒక సంవత్సరం పాటు తీసుకున్నట్టు బతకాలి. నెల నెలా పదో తేదీకి వాయిదా తీసి ఇనప్పెట్టెలో వేయాలి. మిగిలిందాంతోనే ఇల్లు గడవాలి. వచ్చే ఉగాది దాకా గడిస్తే నాలుగు గదులు. గడవకపోతే కొళాయి కాడ బిందె, మనమూ.

సొసైటీ ఆఫీసరుగా నన్ను వేశారు. నా ఉద్యోగ జీవితంలో అంత అధికారం మళ్లీ దక్కలేదు. బంగాళాదుంప సగానికి కోసి, దాని మీద చెక్కిన ముద్రను సిరాలో అద్ది రసీదు మీద కొట్టేదాన్ని. మరుసటి నెలకు ముద్ర వాడిపోయేది కాబట్టి కొత్త దుంప, పాత ముద్ర ఆ పూట కూరలోకి. పదో తేదీ సాయంత్రం నేను మంచం మీద కాళ్లు మడిచి కూర్చుంటే, మా నాయన మెడలో తువ్వాలు తీసి చంకలో పెట్టుకొని, “అమ్మణ్ణీ, ఈ నెలది తెచ్చినాము” అని వంగేవాడు. అమ్మ నోట్లు నా ముందు పెట్టేది. “పొద్దు పోయి వచ్చినారు, జుల్మానా పడతాది” అంటే, జేబులోని బెల్లంపెచ్చు జుల్మానాగా సమర్పించేవాడు. అంత తియ్యటి అప్పుల కచేరీ ఈ జిల్లాలో మరొకటి ఉండి ఉండదు.

ఆ ఏడాది మాకు ఏదీ తక్కువైనట్టు గుర్తులేదు. గంగ జాతరకు కొత్త పావడా లేదు, కానీ అమ్మ తన పాత చీర అంచు తిప్పి కుట్టిన పావడాకు ఉన్నంత గేర ఇంకెవరి పావడాకూ లేదు. గిర్రున తిరిగి కూర్చుంటే చుట్టూ గొడుగు విప్పినట్టుండేది. మామిడికాయల కాలంలో లోడు దించిన లారీల కింద దెబ్బతిన్న కాయలు ఊరికే ఇచ్చేవారు. ఉప్పూ కారం అద్దుకొని పళ్లు పులిసేదాకా తిన్నాము. వినాయక చవితికి పూర్ణం పెట్టిన ఓళిగలు చేయకుండా రాగిపిండితో కుడుములు చేస్తే, వినాయకుడు ఏమీ అనలేదు. దీపావళికి టపాసుల బదులు, కొళాయి కాడున్న తాటాకుల పందిరిని ఆరిళ్ల పిల్లలమూ కర్రలతో బాది చప్పుడు చేశాము. దానికి తిట్లు తినడం కూడా పండగలో భాగమే. మా నాయన ఆ ఏడంతా అన్నీ వాయిదా వేసి వాయిదాలు కట్టాడు. అయినా నెలనెలా ఎట్లా గడుస్తోందో అని ఎవరైనా అడిగితే ముగ్గురూ ఒకటే మాట: “సరిపోతాదిలే.”

ఆ ముగ్గురిలో మూడో మనిషి మా అవ్వ, నాయన వాళ్లమ్మ. ఐరాల దగ్గర పల్లెలో రెండు పాడి ఎనుములను పెట్టుకొని ఉండేది. అంతకుముందు పండక్కీ పబ్బానికీ వచ్చే మనిషి, ఆ ఏడు వారం వారం బస్సు దిగడం మొదలుపెట్టింది. దిగినప్పుడల్లా సంచిలో రాగులో, చింతపండో, ఉలవలో. “పురుగు పడతా ఉండాది, ఎవరో ఒకరు తినాల గదా” అనేది. అమ్మ మధ్యాహ్నం పూట కిటికీ కాడ కూర్చొని ఎవరెవరి జాకెట్లకో కాజాలు కుట్టేది. అడిగితే పక్కింటామెకు సాయం అనేది. పక్కింటామెకు అన్ని జాకెట్లు ఎందుకని అడిగే తెలివి ఆఫీసరుకు లేకపోయింది. నాయన క్యారియరు పట్టుకుపోవడం మానేశాడు. మండీలోనే సాపాటు పెడుతున్నారని చెప్పాడు.

పన్నెండో వాయిదా రోజు అవ్వ కూడా ఇంట్లోనే ఉంది, గడప కాడ కూర్చొని వక్కలు కత్తిరించుకుంటూ. నేను నోట్లు లెక్కపెడుతున్నాను. వాటిలో నాలుగు నోట్లు మిగతావాటిలా పడుకోకుండా రెక్కలు ముడుచుకున్న కోడిపిల్లల్లా లేచి నిలబడుతున్నాయి. ఎనిమిది మడతలు, అంచుకు సున్నం మరక, తమలపాకు వాసన. అట్లా మడిచి ఆకు సంచిలో దాచే మనిషి మా వంశంలో ఒక్కరే.

“ఇవి అవ్వ నోట్లు. అప్పు మీది గదా, అవ్వవి యాల కడతా ఉండారు?” అన్నాను, కడుపునిండా అధికారంతో.

నాయన అమ్మ వైపు చూశాడు. అమ్మ అవ్వ వైపు చూసింది. అవ్వ అడకత్తెరను చూసింది.

“పాలమ్మిన దుడ్లురా,” అంది అవ్వ చివరికి. “నాకేం ఖర్చుండాది? కోడలు ఒద్దొద్దంటానే ఉండాది, నేనే పోపుడబ్బాలో ఏసి పోతా ఉన్నా.”

“నాకు ఒక మాట సెప్పకూడదా?” అని నాయన అమ్మ మీదికి తిరిగాడు.

“నువ్వు సెప్పినావా?” అంది అమ్మ. “మండీలో సాపాటంటివే. మీ షావుకారు పెండ్లాం మొన్న గుడి కాడ కనపడింది. ఆడ కాఫీ గూడా పోయరంట. ఏడాది పొడుగునా చెనిక్కాయలు నమిలి కడుపు మాడ్చుకున్నోడివి, మమ్మల్ని అడగొచ్చినావా? నేనన్నా కాజాలు కుట్టి తెచ్చినాను.”

“కాజాలా?”

అట్లా ఒకరి దొంగతనం వెనకే ఇంకొకరిది బయటపడింది. మొదట నవ్వింది అవ్వే. తర్వాత ఎవరూ ఆగలేదు. అమ్మ కళ్లు తుడుచుకొని, “ఏడాది దొంగతనం చేసినోళ్లం, పదైదేండ్లు చేయలేమా? నాలుగు గదులూ కట్టేద్దాం పా” అంది.

నాయన నవ్వుతూనే నా రసీదు పుస్తకం తీసుకొని వెనక అట్ట మీద రాయడం మొదలుపెట్టాడు. “మండీలో బెల్లాన్ని గోతంతోనే తూస్తాము. తూసినాక గోతం బరువు తీసేసి రాస్తాము. గోతానికి గూడా బెల్లం రేటు కట్టినోడు మునిగిపోతాడు.” అవ్వ పాల డబ్బును లెక్కలోంచి కొట్టేశాడు, ముసలామె ఇంకో పదిహేనేళ్లు వారం వారం బస్సెక్కగలదా అని. తన మధ్యాహ్నపు అన్నాన్ని ఖర్చులోకి తెచ్చి వేశాడు. “పస్తుండి కట్టే ఇంటికి వంటగది యాల?” అన్నాడు. తర్వాత కాజాల డబ్బు మీదికి కలం పోతుంటే అమ్మ పుస్తకానికి చెయ్యడ్డం పెట్టింది.

“అది నా కష్టం. గోతమెట్లయితాది?”

నాయన కలం పక్కన పెట్టాడు. “దాచి కుడితే గోతం,” అన్నాడు. “సెప్పి కుడితే బెల్లం.”

తీసివేతలన్నీ అయ్యాక రెండు గదులు మిగిలాయి. అమ్మ కాజాలు మూడో గదిని నిలబెట్టాయి. ఏడాదంతా చెరిగినప్పుడల్లా సుద్దతో మళ్లీ గీస్తూ వచ్చిన నాలుగో గదిని ఆ రాత్రి గడవకముందే తడిగుడ్డతో తుడిచేసింది అమ్మే. కొంచెం గట్టిగానే తుడిచింది, నేల చెమ్మ మరుసటి రోజుక్కూడా ఆరలేదు. మరుసటి నెల పాత కుట్టు మిషను ఒకటి బహిరంగంగా, పసుపు బొట్టు పెట్టించుకొని ఇంట్లోకి వచ్చింది. ఇల్లు పూర్తయ్యాక, రంగు ఇంకా ఆరకముందే గృహప్రవేశం పెట్టుకున్నాము. ఏడాది పాటు నోరు కట్టుకున్నందుకు బదులుగా అమ్మ ఆ రోజు ఒకే పూటలో ఏడాది ఓళిగలూ చేసింది. నేను పదకొండు తిన్నాను. కొత్త రంగు వాసనకూ నా ఆకలికీ చుట్టరికం అక్కడ కలిసింది.

పోయిన వారం ఆదివారం పొద్దున కాగితం, కలం తెచ్చి మా ఆయన ముందు కూర్చున్నాను. నీ లెక్కలో నాకు చెప్పకుండా ఏమేం కలిపావో చెప్పు, నేనూ చెబుతాను అన్నాను. ముందు గునిశాడు. తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చాయి: ఇరవై ఏళ్లూ ప్రతి ఆదివారం ఓవర్‌టైము, మోకాలికి చేయించుకుంటున్న వైద్యం ఆపేయడం. నేను సాయంత్రం ట్యూషన్లు రెండు బ్యాచీలు కలిపి ఉన్నాను, బళ్లో ఆరు పీరియడ్లు అరిచాక నా గొంతుకు ఒక బ్యాచీకి మించి రాదని తెలిసి కూడా.

“నువ్వు గూడానా?” అన్నాడు.

ఒక బ్యాచీ ఉంచాము, మిగతావి కొట్టేశాము. మూడు పడగ్గదులు రెండయ్యాయి, రోడ్డు వైపు ఫ్లాటు వెనక వైపుకు మారింది. లోను తగ్గించమని అడిగితే బ్యాంకు అమ్మాయి రెండోసారి అడిగి మరీ రాసుకుంది. సంతకాలు వచ్చే వారం.

ఆరు పోర్షన్ల ఇల్లు పడగొట్టి చాలా కాలమైంది. అవ్వ లేదు. తెలియకుండా పోపుడబ్బాలో ఏదైనా వేసి పోవడానికి మా ఇంటికి వచ్చే మనిషి లేడు, ఆ మాటకొస్తే పోపుడబ్బాలో డబ్బే లేదు. ఇద్దరిదీ ఒకే ఖాతా కాబట్టి, ఆయన శ్రీ సిటీలో టీ తాగి డబ్బు కడితే ఇక్కడ నా ఫోను మోగుతుంది. ఒకరికి తెలియకుండా ఒకరం పస్తుండే సౌకర్యం కూడా పోయింది.

నిన్న ఆదివారం ఆయన ఓవర్‌టైముకు పోలేదు. పది దాటినా లేవలేదు. ఇడ్లీలు చల్లారిపోతున్నాయని లేపడానికి వెళ్లి, నోరు కొంచెం తెరిచి ఆయన నిద్రపోతున్న తీరు చూసి, లేపకుండానే తలుపు దగ్గరికి వేసి వచ్చాను.