బటన్ వచ్చేదాకా

మా ఆఫీసులో ఆమెను అందరూ గుమ్మం అక్క అంటారు. మేం తయారుచేసేది అంబులెన్సును పిలిచే యాప్. దాన్ని నొక్కగానే, తెర మీద ఏదీ కనబడకముందే నడిచే కోడ్ ఆమె చేతిలో ఉండేది. అందులోకి ఎవరు ఏం దూర్చాలన్నా ఆమెను దాటాలి. ఆమె దాటనిచ్చే రకం కాదు.

"ముందు పిలిచే బటన్ రావాలి. మీ సింగారాలన్నీ ఆ తర్వాతే," అనేది.

ప్రకటనలవాళ్లకు ఆమె పేరెత్తితే ఒళ్లు మంట. నాకు వాళ్లను చూస్తేనే మంట. ఇంట్లో మనిషి ప్రాణం మీదికొచ్చి ఫోన్ తీసినవాడికి స్వాగతం బొమ్మ ఎందుకు? ఆఫర్లు ఎందుకు?

మేనేజరుది ఇంకో తలనొప్పి. అతని చేతిలో ఎప్పుడూ కొత్త ఫోనే. పైగా యాప్‌ను పూర్తిగా మూసి ఎరగడు. వెనకాల నడుస్తున్నదాన్నే ముందుకు లాగి, "చూడమ్మా, రెప్పపాటులో వచ్చేసింది!" అని మురిసిపోతాడు. పూర్తిగా మూసి పాత ఫోనులో తెరవండి సార్ అని అక్క మొత్తుకుంటూనే ఉండేది. ఏం లాభం?

చెల్లెలి కాన్పుకని అక్క సెలవు మీద వెళ్లింది. ఇదే సందని మేనేజరు స్వాగతాలు, ఆఫర్లు, సర్వేలు అన్నీ ఆ మొదటి కోడ్‌లోనే కుక్కించాడు. వద్దన్నాను.

"ఆవిడ లేదనుకుంటే నువ్వు తగులుకున్నావా?" అని నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు పటపటలాడతాయి.

ఆ వారమే, ఇంట్లో ఉన్న అక్క వాళ్లమ్మకు ఉబ్బసం ముదిరింది. వాళ్ల నాన్న చేతిలో అక్క వాడి వదిలేసిన పాత ఫోన్. నొక్కాడు. తెల్లటి తెర. సరిగా నొక్కలేదేమోనని మూసి మళ్లీ నొక్కాడు. మూసిన ప్రతిసారీ ఆ చెత్తంతా మళ్లీ మొదటినుంచి నడిచింది. చివరికి పక్కింటాయన తన కారులో ఆసుపత్రికి చేర్చాడు. బతికింది. ఇంకా ఆక్సిజన్ మీదే ఉంది.

అక్క ఆసుపత్రినుంచి తిన్నగా ఆఫీసుకొచ్చి, ఆ ఫోన్ మేనేజరు చేతిలో పెట్టింది.

"తెరవండి సార్. బటన్ వచ్చేదాకా ఊపిరి బిగబట్టండి."

"ఏంటమ్మా ఇది, చిన్నపిల్లల ఆటలా?"

"బిగబట్టండి!"

ఆ అరుపుకు అందరం కుర్చీల్లోంచి లేచాం. అతను ఊపిరి బిగబట్టి, నొక్కాడు. తెల్లటి తెర. చాలాసేపటికి స్వాగతం బొమ్మ చెయ్యి ఊపుతూ వచ్చింది. ఆఫర్ వచ్చింది. మా సేవలు మీకు నచ్చాయా అని సర్వే అడిగింది. మేనేజరు మొహం కందిపోయింది, మెడ నరాలు ఉబ్బాయి. ఇక ఆగలేక ఊపిరి భుస్సున వదిలేసి, టేబులు పట్టుకుని రొప్పాడు.

"మీకు ఊపిరి అందింది సార్," అంది అక్క. "మా అమ్మకు అందలేదు."

బటన్ అప్పుడొచ్చింది.