శిక్ష లేనివాడికి రెమిషన్

1981. విశాఖ పాతనగరంలో, హార్బరు గేటుకు నడిచి వెళ్లేంత దూరంలో మా ఆఫీసు ఉండేది. లాయరుగా సొంతంగా బోర్డు పెట్టి అప్పటికి ఏడాది. ఇంటి అద్దె తగాదాలు, పోర్టు కూలీల నష్టపరిహారం కేసులు తప్ప మరో కేసు నా గుమ్మం తొక్కలేదు. అలాంటి నా దగ్గరకి ఒక పొద్దున చేపల తట్ట అరుగు మీద దించి నూకాలమ్మ వచ్చింది.

ఆమె భర్త అప్పలరాజు లాంచీ డ్రైవరు. సముద్రంలో లంగరేసిన ఓడలకు కూరగాయలు, మంచినీళ్లు చేరవేసేవాడు. ఒకరోజు ఆ లాంచీలో, ఐసుపెట్టె అడుగున, కస్టమ్స్ వాళ్లకు ఫారిన్ వాచీలు దొరికాయి. మేజిస్ట్రేటు బెయిలిచ్చాడు. ఇల్లు చేరిన వారానికే అతన్ని మళ్లీ పట్టుకెళ్లి వేరే జిల్లా జైల్లో పెట్టారు.

"బెయిలొచ్చినోన్ని మల్లీ ఎలగ అట్టుకుపోతారు బాబూ? ఏటి సట్టమిది?" అంది. "ఏడాది ఆయన నేకపోతే లాంచీ ఇంకొకరికి ఇచ్చేత్తారు. పిల్లల్తో నానేటి సెయ్యాల?"

ఆ చట్టం పేరు కోఫెపోసా. ఇకముందు స్మగ్లింగ్ చేస్తాడన్న అనుమానం మీదే, విచారణ లేకుండా ఏడాదిదాకా లోపల ఉంచవచ్చు. నేరం చేశాడా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. నిర్బంధించిన పద్ధతిలో లోపం ఉందా అని మాత్రమే కోర్టు చూస్తుంది. హైకోర్టులో హెబియస్ కార్పస్ రిట్ వేశాను. మనిషిని ఏ అధికారంతో బంధించారో చెప్పమని నిలదీసే రిట్ అది.

ప్రభుత్వం జవాబుగా వేసిన కౌంటర్ చదివి నీరుగారిపోయాను. ఎక్కడా సూది దూరే సందు లేదు. నిర్బంధితుడు నన్ను విడవండని ప్రభుత్వానికి పెట్టుకునే విన్నపాన్ని రిప్రజెంటేషన్ అంటారు. దాన్ని ఆలస్యం చేయకుండా పరిశీలించి తీరాలి, లేకపోతే నిర్బంధమే చెల్లదు. "ఇరవై ఆరున అందింది, మూడు రోజుల్లో పరిశీలించి తిరస్కరించాం" అని దర్జాగా రాశారు. నూకాలమ్మ వస్తే మొహం చెల్లక, అదే చదివి వినిపించాను.

"ఇరవయ్యారా? అదేటి బాబూ! ఆ కాగితం నా ఎదరే కదా జైలోల్లకి ఇచ్చినాడు. అమాస నాడు."

"అమావాస్యేనని అంత గట్టిగా ఎలా చెబుతున్నావమ్మా?"

"అమాసకి మావోల్లు ఏటకెల్లరు. సేపల్నేవు, బేరం నేదు. అందుకే ఆ రోజు రైలెక్కినాను."

ఒక్క గెంతులో వెళ్లి గోడమీది క్యాలెండరు పీకి బల్లమీద పరిచాను. ఆ నెల అమావాస్య నాలుగో తారీఖు. నాలుగుకీ ఇరవై ఆరుకీ మధ్య ఇరవై రెండు రోజులు! జైలు రిజిస్టరు తెప్పించమని కోర్టును కోరుతూ ఆ పూటే పిటిషన్ రాయడానికి కూర్చున్నాను. తొందరలో రెండు కాగితాలు పాడుచేశాను.

విచారణ రోజున ఇద్దరు జడ్జీల బెంచి. రిజిస్టరు చేతికి రాగానే పెద్ద జడ్జిగారు ఒక గీత మీద వేలుపెట్టి ఆగారు. నాలుగో తారీఖున జైలుకిచ్చిన కాగితం ఇరవై ఐదున గానీ జైలు దాటలేదు.

"ఇన్నాళ్లూ ఇది ఎక్కడుంది?" అని అడిగారు.

జైలు నుంచి వచ్చిన అధికారి ప్రభుత్వ ప్లీడరు చెవిలో ఏదో ఊదాడు. ప్లీడరు గొంతు సవరించుకున్నారు. "పొరపాటున రెమిషన్ అర్జీల కట్టలో కలిపారు మై లార్డ్. ఆ కట్ట నెలకోసారి వెళుతుంది."

రెమిషన్ అంటే ఖైదీ శిక్షలో మినహాయింపు.

"శిక్షే పడనివాడికి రెమిషన్ ఏమిటండీ?" అన్నారు జడ్జిగారు.

కోర్టు హాలంతా గొల్లున నవ్వింది. నేను రాత్రంతా బట్టీపట్టిన వాదనలో పావు వంతైనా నోరు దాటలేదు, తక్షణం విడుదల చేయమని ఉత్తర్వు వచ్చేసింది. బయట వరండాలో కోటు విప్పి గాల్లో తిప్పాను. జీవితంలో అంత సంతోషం మళ్లీ నాలుగైదుసార్లు కలిగిందేమో.

వారం తిరిగేసరికి అప్పలరాజు పెద్ద వంజరం చేప పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. జైలు బయట అతన్ని సరిగా చూడడం అదే మొదటిసారి. పొంగిపోతూ, సరదాగానే అడిగాను. "ఇప్పుడైనా చెప్పు రాజూ, ఆ వాచీల సంగతి నీకు తెలుసా?"

అతను నవ్వలేదు. చేపను గుమ్మం పక్కన దించాడు.

"కస్టమ్సోల్లు ఇక్కడ సంతకం ఎట్టమన్నారు. జైలోల్లు అక్కడ ఎట్టమన్నారు. తమరూ వకాలతు మీద ఎట్టమన్నారు. నీకు తెల్సా అని అడిగినోరు మాత్రం ఇయ్యాల్టిదాకా ఎవులూ నేరు బాబూ."

గెలుపు మత్తంతా దిగిపోయింది. తలుపు దగ్గరకేసి వచ్చి, అతనికి నా ఎదుటి కుర్చీ చూపించాను.

ఆ తర్వాత ఎన్నో డిటెన్షన్ కేసులు చేశాను. వాటిని గెలిపించేవి తారీఖులే, ఆ సంగతి నాకు అప్పలరాజు కేసే నేర్పింది. కానీ ఆనాటి నుంచి ఎవరొచ్చినా కాగితాలు విప్పేముందు, అసలేం జరిగిందో చెప్పమని అడుగుతాను. ఆ జవాబు కోర్టులో దేనికీ పనికిరాదని తెలిసి కూడా చివరిదాకా వింటాను.