అవతలి జట్టు బనీను

డస్టిన్ మజురెక్ నాలుగేళ్లుగా హెరాన్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు జీతం తీసుకుంటున్నాడు. ఆ నాలుగేళ్లలో ఒక్క వారం కూడా హెరాన్స్ ఆటగాడిలా సాధన చేసిన పాపాన పోలేదు. తప్పు అతనిది కాదు. చేయనిస్తే కదా.

ప్రతి బుధవారం పొద్దున అతని అరలో ఒక పసుపు బనీను వేలాడుతుండేది. దాని మీద ఆ ఆదివారం ఎదురుపడబోయే జట్టు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడి నంబరు. డస్టిన్ అది తొడుక్కుని అవతలివాడిలా నడవాలి, అవతలివాడిలా కేకెయ్యాలి, అవతలివాడిలా బంతి విసరాలి. హెరాన్స్ తరఫున అడ్డుకునేవాళ్లు ఆ మనిషికి ముందే అలవాటుపడాలని ఈ ఏర్పాటు. మైదానం ఇంకో కొసన మొదటి క్వార్టర్‌బ్యాక్ బాప్టిస్ట్ సొంత ఎత్తులు సాధన చేసుకునేవాడు. అతని ముందు అతన్ని కాచే కొండల్లాంటి ఐదుగురు లైన్‌మెన్ వంగి ఉండేవాళ్లు. బాప్టిస్ట్ కేక పెట్టగానే నడుమనున్న టుయా కాళ్ల సందులోంచి బంతి వెనక్కి అందించేవాడు. నాలుగేళ్లలో టుయా చేతి బంతి డస్టిన్ చేతికి రాలేదు.

డస్టిన్ తండ్రి నది ఒడ్డున ఉక్కు మిల్లులో పనిచేసి రిటైరైనవాడు. కాలేజీ అయ్యాక కొడుకుని ఏ జట్టూ తీసుకోలేదు. రెండేళ్లు టైర్ల దుకాణంలో పనిచేసి, పొద్దునపూట స్కూలు గోడకేసి బంతి విసురుకుంటూ, ఆఖరికి ఇక్కడ రెండో క్వార్టర్‌బ్యాక్‌గా చోటు సంపాదించాడు. ఎవరితోనూ పేచీ పడే మనిషి కాడు. ఆ కోపమంతా అతని బదులు భార్య కొలీన్ పడేది. పళ్ల డాక్టరు దగ్గర పని ముగించుకుని రాగానే, బుధవారం బుధవారం ఒకటే ప్రశ్న.

"ఈ వారం నేనెవరి పెళ్లాన్ని?"

డస్టిన్ ఆ వారం నంబరువాడి పేరు చెప్పేవాడు.

"వాడా? పోయిన వారంవాడే నయం. వాడికి జుట్టైనా ఉంది," అనేది.

నవంబరులో ఒక ఆదివారం బాప్టిస్ట్ మోకాలు మెలిపడింది. స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. ఇక ఈ ఏడాదికి అతని ఆట అయిపోయినట్టే. కోచ్ హాల్వర్సన్ వెనక్కి తిరిగి డస్టిన్ వైపు వేలు చూపించాడు.

డస్టిన్ వెళ్లి టుయా వెనక నిలబడి కేక పెట్టాడు. అది బొంగురు గొంతు, బాప్టిస్ట్‌లా ఖంగుమనేది కాదు. లైన్‌లో ఇద్దరు బంతి అందించకముందే కదిలిపోయారు. రిఫరీ తప్పు జెండా పడింది, ఐదు గజాలు వెనక్కి. మళ్లీ కేక, మళ్లీ జెండా. మూడోసారి టుయా అందించిన బంతి డస్టిన్ వేళ్లకి తగిలి కింద పడింది. అవతలివాళ్లు ఎత్తుకుపోయారు. స్టేడియం స్టేడియమంతా మజురెక్ అని పేరు పెట్టి ఛీకొట్టింది. ఆట పోయింది.

మైకుల ముందు హాల్వర్సన్ ఏమన్నాడో తెలుసా? "ఈ రోజుల్లో మంచి రెండో క్వార్టర్‌బ్యాక్ దొరకడం గగనమైపోయింది."

దొరకడమట! నాలుగేళ్లు ఇంట్లో పెట్టుకుని, సొంతవాళ్లకి గొంతైనా వినిపించకుండా పక్కింటివాడి వేషం వేయించి, అవసరం పడ్డ రోజున సొంత మనిషిలా ఆడలేదేమని అడగడానికి సిగ్గుండాలి.

మంగళవారం జట్టుకి సెలవు. అదే రోజు హాల్వర్సన్ ముగ్గురు కొత్తవాళ్లని పిలిపించి, ఉత్త నిక్కర్ల మీద నిలబెట్టి బంతి విసిరించాడు. మీదికొచ్చి పడేవాడు లేడు, ముందు కాచేవాడు లేడు. హారన్ వాయించి చూసి లారీ కొన్నట్టు, అందరికంటే దూరం విసిరిన బ్రేడెన్ స్లోన్‌ని తీసుకున్నాడు. వచ్చే ఆదివారం మొదటి క్వార్టర్‌బ్యాక్ అతనే. డస్టిన్‌కి ఆ సంగతి టీవీలో తెలిసింది.

"ఫోనైనా చెయ్యలేదా నీకు?" అంది కొలీన్.

"చెయ్యలేదు."

"నువ్వు కూడా ఊరుకున్నావు."

డస్టిన్ టీవీ కట్టేశాడు. ఇంకో రెండు వారాల్లో తనని ఇంటికి పంపేస్తారని అతనికి తెలుసు. మళ్లీ టైర్ల దుకాణమే.

సాయంత్రం వాకిట్లో రెండు బండ్లు ఆగాయి. టుయా, లైన్‌లోని మిగతా నలుగురూ దిగారు. టుయా చేతిలో బంతి ఉంది.

"డస్టీ, బయటికి రా," అన్నాడు టుయా. "మొన్న తప్పు మాది. నీ గొంతు మాకు కొత్త. నాలుగేళ్లు ఒకే కప్పు కింద ఉండి ఇదేం ఖర్మ? సిగ్గేసింది నాకు."

కార్లు పెట్టే చోట ఐదుగురూ వరసగా వంగారు. డస్టిన్ కేకలు పెట్టాడు. బంతి మొదట జారింది, తర్వాత జారలేదు. జనం గోల కోసం కొలీన్ మూకుడు తెచ్చి గరిటెతో బాదింది.

"ఏంటమ్మా ఆ మోత?" అని పక్కింటి ముసలాయన అరిచాడు.

"ఆఫీసువాళ్లు చేయించాల్సిన పని చేయిస్తున్నాం, మీరు లోపలికెళ్లండి," అంది.

వీధి దీపాలు వెలిగేదాకా కానిచ్చి, ఆమె ఉడికించిన పియరోగీ కుడుములన్నీ తినేసి వెళ్లారు.

బుధవారం అరలో పసుపు బనీను మామూలుగానే వేలాడుతోంది. డస్టిన్ తొడుక్కుని తన కొసకి వెళ్లాడు. రెండో కొసన స్లోన్ టుయా వెనక నిలబడ్డాడు. అతనింకా నోరు తెరవలేదు. ఇక్కడ డస్టిన్ కేక పెట్టాడు. అక్కడ ఐదుగురూ ఒక్కసారిగా ముందుకురికారు. బంతి వచ్చి స్లోన్ రొమ్ముకి తగిలి కింద పడింది. రెండోసారీ అంతే జరిగింది.

హాల్వర్సన్ ఈల ఊదాడు. "ఏంటిది, టుయా?"

"గొంతు వినపడింది, కదిలాం కోచ్."

"అది అవతలి జట్టు గొంతయ్యా."

"కాదు కోచ్, మనదే. మీరు జీతం కూడా ఇస్తున్నారు."

ఎవరో కిసుక్కున నవ్వారు. హాల్వర్సన్ మొహం కందగడ్డలా అయింది. గబగబా మైదానం దాటి డస్టిన్ మీదికొచ్చాడు. "నువ్వు నేర్పావా వాళ్లకి ఇది?"

నాలుగేళ్లు దిగమింగుకున్నదంతా డస్టిన్ గొంతుదాకా వచ్చింది.

"నేర్పాను. మీరు నేర్పించాల్సింది. ఇంకో పదిమందిని తెచ్చుకోండి కోచ్, ఎవడొచ్చినా ఆదివారం ఆ బంతి కిందే పడుతుంది. తెచ్చినవాణ్ణి వీళ్ల ముందు నిలబెట్టరు. వాడి కేకేంటో వీళ్లకి తెలియనివ్వరు. పడ్డాక దొరకలేదని ఏడుస్తారు. దొరక్కేం? నేనిక్కడే ఉన్నాను, ఈ బనీనులో!"

బనీను విప్పి ముందుకు చాపాడు. హాల్వర్సన్ దాన్ని చూశాడు. వెనక్కి తిరిగి లైన్ వైపు చూశాడు. ఐదుగురిలో ఒక్కడూ లేచి నిలబడలేదు, వంగే ఉన్నారు. చివరికి బనీను లాక్కుని, చరచరా నడిచి వెళ్లి స్లోన్ చేతిలో పెట్టాడు.

"ఈ వారం అవతలివాడివి నువ్వు," అన్నాడు.

ఆ సాయంత్రం కొలీన్ కోటు విప్పకుండానే అలవాటు ప్రశ్న అడిగింది. "ఈ వారం నేనెవరి పెళ్లాన్ని?"

డస్టిన్ బల్ల దగ్గర వాచిన వేళ్లకి ఐసు పెట్టుకుంటున్నాడు. టుయా బంతి గట్టిగా తగులుతుంది.

"మజురెక్ అని ఒకడున్నాడులే," అన్నాడు.

కొలీన్ సంచీ పట్టుకుని అలాగే గుమ్మంలో నిలబడిపోయింది.